చెల్లెలి ఎడమ కన్ను

మొన్న ఆత్మకూరులో ఒక పెళ్ళి భోజనంలో నా పక్కన కూర్చున్న ముసలాయన ఊరికే ఉండకుండా పాతకాలపు వైద్యాన్ని పొగడడం మొదలుపెట్టాడు. ఇప్పటి డాక్టర్లు జనాన్ని పిండడానికే పుట్టారట. ఆ రోజుల్లో ఉదయగిరి దోవలో కళ్ళకు పసరు పోసే ఆయన ఉండేవాడట, ఆయన చెయ్యి పడితే చాలట.

"నీకు తెలుసునా అమ్మే ఆయన?" అని నన్నే అడిగాడు.

"తెలుసు" అన్నాను.

"మహానుభావుడు గదా! ఒక్క పైసా ముట్టుకున్న పాపాన పోలా."

ఆయన వయసు చూసి నోరు మూసుకున్నాను. కానీ పెరుగన్నం దాకా కూర్చోలేకపోయాను. ఆకు మడిచి, చెయ్యి కడుక్కుని బయటికి వచ్చేశాను. ఇన్నేళ్ళయినా ఆ పసరాయన మాటెత్తితే నాకు కడుపు మండుతుంది. ఆ మంట చల్లారాలని నేను ఏ రోజూ కోరుకోలేదు.

ఉదయగిరిలో కొండ కింద ఉండేది మా ఇల్లు. మా పక్కన కొయ్య గరిటెలు చెక్కేవాళ్ళు ఉండేవారు. పొద్దున లేస్తే పచ్చికొయ్య వాసన, వాళ్ళ ఇళ్ళలోంచి ఉర్దూ మాటలు, మా వంటింట్లోంచి సజ్జరొట్టె కాలే వాసన. నాయన మిషన్ బడిలో అయ్యవారు. బడిలో ఎంత గట్టిగా కేకలేసేవాడో ఇంట్లో అవ్వ ముందు అంత మెత్తన. అవ్వ అంటే నాయన తల్లి. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుండాలో కూడా ఆమే చెప్పాలి. అమ్మ తక్కువ మాట్లాడేది. తక్కువ మాట్లాడేవాళ్ళకి కోపం రాదనుకోవడం తెలివితక్కువ.

నాకు ఒక్కతే చెల్లెలు. మా మధ్య పుట్టినవాళ్ళు నిలవలేదు. అందుకని ఆ పిల్ల నేల మీద ఉన్నది తక్కువ, నా చంకలో ఉన్నది ఎక్కువ. సంగటి కుండ అడుగున గీకిన మాడంటే దానికి ప్రాణం. పక్కింటి ఖాలా వాళ్ళాయన చెక్కి ఇచ్చిన చిటికెడంత కొయ్య చెంచా పట్టుకుని, వంటింటి గడపలో కూర్చుని, మాడు అనడం రాక "మాయు, మాయు" అని అరిచేది. నేను దాని వాటా తినేసి ఖాళీ కుండ చూపిస్తే ఆ చెంచాతోనే నా నెత్తి మీద కొట్టేది.

దాని ఎడమ కంట్లో మెరుపు మొదట చూసింది పిల్లలమే. సాయంత్రం లాంతరు వెలిగించేటప్పుడు అది పక్కకి తిరిగితే కంటి నల్లగుడ్డు మధ్యలో తెల్లగా మెరిసేది, చీకట్లో పిల్లి చూసినట్టు. ఒకసారి కనపడేది, ఒకసారి కనపడేది కాదు. మాకు అదొక ఆట. నాయన టార్చి ఎత్తుకొచ్చి, "పిల్లమ్మా, ఇట్టా చూడు, అట్టా చూడు" అని తిప్పేవాళ్ళం. అదీ నవ్వేది. వీధిలో పిల్లలు చెనక్కాయలు తెచ్చిచ్చి మరీ చూసిపోయేవాళ్ళు.

అవ్వ చూసి, "పిల్లికన్నులే. కొందరు బిడ్డలకి ఉంటాది" అంది. ఇంకొన్నాళ్ళకి ఆ కన్ను ముక్కు వైపు తిరగడం మొదలుపెట్టింది. "మెల్లకన్ను అదృష్టమే. ఈ బిడ్డ కాలు పెట్టిన ఇల్లు బంగారమవతాది" అంది. మా అవ్వ దగ్గర ప్రతిదానికీ ఒక మంచి మాట ఉండేది. ఆ మంచి మాటలు మమ్మల్ని నిలువునా ముంచాయి.

అమ్మ మాత్రం చూస్తూనే ఉంది. పిల్ల నడుస్తూ ఎప్పుడూ ఎడమ భుజమే గుంజకి కొట్టుకోవడం చూసింది. ఒక రోజు దాగుడుమూతలు ఆడినట్టు దాని ఎడమ కన్ను మూసింది. పిల్ల నవ్వింది. కుడి కన్ను మూసింది. పిల్ల ఏడ్చి, అమ్మ చెయ్యి లాగేసి, గాల్లో తడుముకుంది. అమ్మ మళ్ళీ మూసి చూసింది. మళ్ళీ అంతే.

"ఈ కన్ను కనపడటంలా దీనికి. నెల్లూరు తీసకపోదాం" అంది నాయనతో.

"నెల్లూరు ఎందుకు? పసరాయన లేడా?" అంది అవ్వ.

నాయన ఇద్దరి ముఖాలూ చూశాడు. "ముందు పసరు చూద్దాం. నెల్లూరు యాడికి పోతాది, ఆడే ఉంటాది గదా" అన్నాడు. నెల్లూరు నిజంగానే ఎక్కడికీ పోలేదు.

ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే రోడ్డు మీద ఉండేది పసరాయన ఊరు. ఆదివారం ఆదివారం కళ్ళ వైద్యం. అనంతసాగరం నుంచి, కలువాయి నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు. తెల్లటి పంచె, నున్నగా గీసిన గడ్డం, మెత్తటి మాట. డబ్బు ముట్టుకోడు. ముట్టుకోడు గనక అబద్ధం చెప్పడని లోకం నమ్మకం. ఆయన అబద్ధం చెప్పలేదు, నిజమే. తనకు తెలియదని తెలియని మనిషి అబద్ధం ఎందుకు చెబుతాడు?

చెల్లెలి రెప్ప ఎత్తి చూసి, "పువ్వు పూసింది" అన్నాడు. కంట్లో దెబ్బ తగిలో, కలకలు ముదిరో నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ వస్తే మా వైపు దాన్ని పువ్వు అంటారు. అది కంటికి పైనే కనపడుతుంది, ఎటు నుంచి చూసినా కనపడుతుంది. మా పిల్లది పైన లేదు. లోపల, బావిలో నీళ్ళు తళుక్కుమన్నట్టు లోపలెక్కడో ఉంది. అమ్మ ఆ మాటే అంది. "పైన ఏమీ లేదయ్యా, లోపల మెరస్తన్నాది."

"లోపలి పువ్వు" అన్నాడు ఆయన. అంత సులువు.

ఆకు దంచి, గుడ్డలో వేసి పిండి, కంట్లో పోశాడు. అమ్మ తల పట్టుకుంది, నాయన చేతులు, నేను కాళ్ళు. ఆ పసరు వాసన పచ్చిగా, వగరుగా, గొంతులో దిగేది. పిల్ల కేకలకు రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు. పైన నల్లగుడ్డ కట్టు కట్టాడు. ఒక మండలం, అంటే నలభై రోజులు, ఆ కట్టు ఆయన తప్ప ఎవరూ విప్పకూడదు. ఉప్పు పులుపు తినిపించకూడదు. ఇంకో వైద్యుడి చెయ్యి పడకూడదు, పడితే పసరు విరిగిపోతుంది. మాడు అడిగితే అందులో ఉప్పు ఉంటుందని అవ్వ పెట్టనిచ్చేది కాదు. చప్పిడి సంగటి ముద్ద ఉమ్మేసి చెల్లెలు నా వైపు ఒంటికన్నుతో చూసేది.

ఆదివారం ఆదివారం కట్టు విప్పడం, పోయడం, కట్టడం. మేము మిషన్ గుడిలో ప్రార్థన మానేసి ఆ బస్సెక్కేవాళ్ళం. మధ్యలో పిల్లకు నొప్పి మొదలైంది. కట్టు మీద అరచేత్తో కొట్టుకునేది. "మందు పని చేస్తన్నాది" అనేది అవ్వ.

మండలం అయ్యాక కట్టు విప్పితే కన్ను ఎర్రగా చింతనిప్పులా ఉంది. గుడ్డు ముందుకు పొడుచుకొచ్చింది. నేను తల తిప్పుకున్నాను. ఆయన మాత్రం సంతోషపడ్డాడు. నేను చెవులారా విన్నాను. "చూసినావా, పువ్వు బయటికొస్తన్నాది. ఇంకో మండలం కడితే రాలిపోద్ది" అన్నాడు.

అమ్మ పిల్లని లాక్కుంది. నాయన ఏదో అనబోయాడు. "నువ్వు మాట్టాడబాక" అంది అమ్మ. నాయనని అమ్మ అలా అనడం నేను వినడం అదే మొదటిసారి. ఇంటికి పోయే బస్సెక్కలేదు. ఎదురు దిక్కు బస్సెక్కి నన్నూ పిల్లనీ తీసుకుని నెల్లూరు చేరింది.

అక్కడి డాక్టరమ్మ పిల్ల కన్ను చూసి, కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుంది.

"ఎన్నాళ్ళ నుంచి మెరుస్తోందమ్మా?"

"పోయినేటి నుంచి."

"అప్పుడే ఎందుకు తీసుకురాలేదు? ఇది పువ్వు కాదు. కంటి లోపల కేన్సరు గడ్డ. పసిపిల్లలకే వస్తుంది. ఆ మెరుపు గడ్డ మెరుపే. కన్ను తిరగడమూ దానివల్లే. అప్పుడే వచ్చుంటే కన్ను పోయినా బిడ్డ దక్కేది."

అమ్మ ఏడవలేదు. "ఎట్టా చూస్తే తెలస్తాదో నాకు చూపించండి" అంది. డాక్టరమ్మ ఆశ్చర్యంగా చూసింది. తర్వాత గది చీకటి చేసి, టార్చి తన చెంప పక్కన పెట్టుకుని పిల్ల కళ్ళలోకి వెలుతురు వేసి చూపించింది. నల్లగుడ్డులో తెల్లగా గానీ పసుపుగా గానీ మెరిసినా, కన్ను ఉన్నట్టుండి మెల్ల పడినా, ఒక కన్ను మూస్తే బిడ్డ ఏడ్చి తడుముకున్నా, కన్ను ఎర్రబడి తగ్గకపోయినా, గుడ్డు పెద్దదైనట్టు ఉన్నా ఒక్క పూట ఆగొద్దంది. అన్నీ కేన్సరే కానక్కర్లేదు, కానీ ఏది అవునో ఏది కాదో ఆసుపత్రిలోనే తేలాలంది. అమ్మ ఒక్కొక్క మాటా పెదవులతో తిరిగి అనుకుంది.

మద్రాసులో కన్ను తీసేశారు. అప్పటికే అది తలలోకి పాకిందన్నారు. ఇంటికి తెచ్చుకున్నాం. ఉప్పు వేసిన సంగటి మాడు పెడితే నాకింది, మింగలేకపోయింది. ఊళ్ళో చెనక్కాయలు పీకే రోజుల్లో పోయింది.

అంతటితో అయిపోయుంటే అమ్మ లోపల్లోపల ఏడ్చి ఊరుకునేదేమో. సమాధి మట్టి ఆరకముందే పసరాయన అవ్వకి కబురు పంపాడు. "మధ్యలో కట్టు విప్పించుకుని పోయినారు. రెండో మండలం కట్టించుకునుంటే బిడ్డ దక్కేది" అని. అవ్వ ఆ మాట నమ్మింది. వచ్చినవాళ్ళకల్లా చెప్పింది. రోట్లో ఊరుబిండి పచ్చడి నూరుతున్న అమ్మ విని, రోకలిబండ పక్కన పెట్టి, చేతులు కడుక్కుంది. పుండు మీద కారం చల్లడం అంటారే, అది.

ఆ ఆదివారం అమ్మ టార్చి సంచిలో వేసుకుని నా చెయ్యి పట్టుకుంది. పసరాయన అరుగుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల టీ బంకు ఉండేది. దాని వెనక తడికల గది. బంకామెని అడిగి అక్కడ కూర్చుంది. పిల్లల్ని ఎత్తుకుని బస్సు దిగే ప్రతి తల్లికీ అడ్డం పోయింది.

"ఒక్క నిమిషం, బిడ్డ కన్ను చూపించు తల్లీ."

"ఏంది? నువ్వెవురు?"

"ఈయన చేతిలో బిడ్డని పోగొట్టుకున్నదాన్ని."

కొందరు తిట్టారు. కొందరు పిచ్చిదని దారి మార్చుకున్నారు. పసరాయన మనుషులు వచ్చి గదమాయించారు. "రోడ్డు సర్కారుది. నీ అరుగు మీద నేనేం కూచోలా" అంది. నేను మాత్రం ఊరికే కూర్చోలేదు. ఆయన దొడ్లో మందాకు చెట్లుండేవి, పక్కనే ఆయన మేకలు. దడి కట్టు విప్పి మేకల్ని లోపలికి తోలాను. మొదలంటా మేశాయి. ఆ వారం పసరు లేదు. మేకల కళ్ళకి మాత్రం ఏమీ కాలేదు. పసరాయన మనుషులు నన్ను పట్టుకుని చెవి మెలేస్తే అమ్మ చూసింది గానీ నన్ను ఒక్క మాట అనలేదు.

మా పాస్టరు అయ్యగారు ఇంటికి వచ్చాడు. "గుడి మానేసి ఆడ కూచుంటన్నావంట. పగ దేవుడికి వదిలెయ్యాలమ్మా" అన్నాడు.

"దేవుడికి బోలెడు పనులుండాయి అయ్యగారూ. ఈ ఒక్కటీ నేను చూసుకుంటా" అంది అమ్మ, కాఫీ గ్లాసు చేతికిస్తూ.

చాలామంది కళ్ళలో ఏమీ ఉండేది కాదు. ఎర్రకళ్ళు, కలకలు. వాళ్ళనీ ఆత్మకూరు ఆసుపత్రికి పొమ్మనేది. ఒకసారి కలువాయి వైపు నుంచి వచ్చిన పసివాడి కంట్లో తెల్లగా మెరిసింది. అమ్మ టార్చి ఆర్పి, మళ్ళీ వేసి చూసింది. ఆ తల్లిని తిట్టి, బతిమాలి, నెల్లూరు బస్సెక్కించింది. కొన్నాళ్ళకి వాళ్ళు తిరిగొచ్చారు. వాడికి ఒక కన్ను లేదు, ప్రాణం ఉంది. వాళ్ళమ్మ నడిరోడ్డు మీద అమ్మ కాళ్ళ మీద పడింది. ఆ వార్త ఊరూరా పాకింది. పసరాయనకి గిరాకీ పడిపోయింది. ఖాళీ అరుగు మీద ఆయన విసనకర్ర విసురుకుంటుంటే నాకు పండగలా ఉండేది.

అప్పుడు వచ్చింది ఆయన కూతురు, పురుడు పోసుకోవడానికి, పెద్దపిల్లని వెంటబెట్టుకుని. ఆ పెద్దపిల్లకి మా చెల్లెలు పోయినప్పటి వయసే. ఒక ఆదివారం పొద్దుగూకేవేళ, ఆ పిల్ల మురుకు కొరుక్కుంటూ అరుగు దిగి రోడ్డు దాటి వచ్చి నా ముందు నిలబడింది. బంకామె లాంతరు వెలిగించింది. పిల్ల తల తిప్పింది. తెల్లగా మెరిసింది.

నేను అమ్మని చూశాను. అమ్మ చూసేసింది.

మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుని బస్సెక్కింది. కిటికీ పక్క కూర్చుని నాకు ఎంత సంతోషమైందో చెప్పాలి. ఇప్పుడు తెలుస్తుంది ఆయనకి. కట్టుకోనీ నల్లగుడ్డ. పొయ్యనీ మండలం. "చెప్పొద్దమ్మా" అన్నాను.

"నాకూ అట్నే ఉండాది" అంది అమ్మ.

తెల్లారి మొదటి బస్సుకే మళ్ళీ బయలుదేరింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. "ఎందుకమ్మా?" అంటే, "బిడ్డ ఏం చేసిందే" అంది. అంతే అంది.

ఆయన అరుగు మీదే ఉన్నాడు. ఇంటివాళ్ళూ వీధివాళ్ళూ చూస్తుండగా అమ్మ మొదటిసారి ఆ అరుగు ముందుకి పోయి నిలబడింది.

"నీ మనవరాలి కంట్లో మెరస్తన్నాది, చూసినావా?"

"చూసినా. లోపలి పువ్వు. పసరు మొదలుపెట్టినా" అన్నాడు ఆయన.

సొంత మనవరాలికి కూడా అదే పోస్తున్నాడు! ఆ క్షణం దాకా ఆయన్ని మోసగాడనుకున్నాను. మోసగాడైనా బాగుండేది, తిట్టడానికి సులువు.

"నా బిడ్డకీ ఈ మాటే చెప్పినావు. ఈ మాటే!" అని అరిచింది అమ్మ. నిండు నెలల కూతురు లోపల్నించి వచ్చింది. తండ్రినీ అమ్మనీ మార్చి మార్చి చూసింది. పిల్ల కుడి కన్ను తన చేత్తోనే మూసింది. పిల్ల ఏడ్చి, గాల్లో తడుముకుంది. ఆమె బిడ్డని చంకనెత్తుకుంది.

"అమ్మే, పసరు విరిగిపోద్ది" అన్నాడు ఆయన కూతురితో.

"నువ్వు గమ్మునుండు నాయనా" అంది కూతురు.

మా అమ్మే వాళ్ళని నెల్లూరు తీసుకుపోయింది. పసరాయన కూడా అదే బస్సులో వెనక సీట్లో కూర్చున్నాడు. రోజూ ఆయనకి లేచి నిలబడే జనం ఆ రోజు కిటికీల్లోంచి బయటికి చూశారు. అప్పుడే ఎందుకు తీసుకురాలేదని డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకి ఆయనే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. మద్రాసులో కన్ను తీసేశారు. పిల్ల బతికింది.

కబురు తెలిసిన రోజు అమ్మ ఇంటి వెనక కూర్చుని చాలాసేపు ఏడ్చింది. "ఆయన బిడ్డ బతికింది, నా బిడ్డ బతకలా" అంటూనే ఉంది. అవ్వ గడపలో నిలబడి విన్నది. దగ్గరికి పోయే ధైర్యం లేకపోయింది ఆమెకి.

తర్వాత ఆయన మా ఇంటికి వచ్చాడు. పసరు నూరే కల్వం గుడ్డలో మూటగట్టుకుని తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. "మానేసినానమ్మా. ఇంక ఆకు ముట్టను" అన్నాడు.

"పసరు మానెయ్. అరుగు మానబాక" అంది అమ్మ. "మానేసి ఇంట్లో పొణుకుంటే నీకు సుఖం. ఆదివారం ఆదివారం ఆడనే కూచో. వచ్చిన ప్రతి తల్లికీ నువ్వే నోరు తెరిచి చెప్పు, నాకు తెలీదమ్మా, నెల్లూరు పో అని."

ఆయన తల ఊపాడు. మాట తప్పలేదు. అదే తెల్లపంచె, అదే అరుగు. ఎక్కడెక్కడి నుంచో నమ్మి వచ్చినవాళ్ళ ముందు, తన ఊరివాళ్ళు వింటుండగా, "నాకు తెలీదమ్మా" అనేవాడు. అనడానికి ముందు ప్రతిసారీ గుటక మింగేవాడు. అమ్మ ఎదుటి బంకులో కూర్చుని వినేది. ఒకసారి బాగా ఎండగా ఉన్న రోజు, ఒక తల్లి వచ్చి, విని, వెళ్ళిపోయింది. రోడ్డు మీద ఎవరూ లేరు.

"ఇనబళ్ళా. ఇంకోసారి చెప్పు" అంది అమ్మ ఇవతల నుంచి.

ఆయన అమ్మ వైపు తిరిగాడు. "నాకు తెలీదమ్మా. ఆ పొద్దు గూడా తెలీదు" అన్నాడు.

అమ్మ లేచి కొంగు దులుపుకుంది. మళ్ళీ ఆ ఊళ్ళో బస్సు దిగలేదు.

నేను దిగాను. పెళ్ళయి ఆత్మకూరు వచ్చాక కూడా, పుట్టింటికి పోతూ వస్తూ, ఆదివారమైతే చాలు అక్కడ దిగేదాన్ని. ఆయన ముసలివాడయ్యాడు, చూపు తగ్గింది, నన్ను గుర్తుపట్టేవాడు కాదు. ఎవరో ఒక తల్లి వచ్చేదాకా ఎండలో నిలబడి, ఆయన ఆ మాట అనేదాకా ఉండి, అప్పుడు తర్వాతి బస్సెక్కేదాన్ని. ఆయన పోయేదాకా అలాగే చేశాను. అమ్మ తన వాటా వినేసింది. మా చెల్లెలి వాటా ఎవరో ఒకరు వినాలి కదా.